సుఖం మంచి జీవితంలో ఎంత భాగం?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. మీరు ఉద్యోగంలో స్థిరపడ్డారు, ఇంటి బాధ్యతలు సక్రమంగానే నిర్వహిస్తున్నారు. అయినా వారాంతంలో సంగీతం నేర్చుకోవడానికో, స్నేహితులతో మంచి భోజనానికో డబ్బూ సమయమూ ఖర్చు చేసినప్పుడు ఏదో తప్పు చేసిన భావన మిమ్మల్ని వదలడం లేదు. సుఖాల వెంట పడితే జీవితం పాడవుతుందని ఇంట్లో పెద్దలు అంటున్నారు. సుఖం తప్ప మరేదీ దానంతట అది మంచిది కాదని మీరు చదివిన కొందరు పాశ్చాత్య తాత్త్వికులు అంటున్నారు. అందుకే మూడు విషయాలు అడిగారు: సుఖానికి సొంతంగా విలువ ఉందా, ఉంటే మనిషి శ్రేయస్సు అంతా అదేనా, మెదడు గురించి నేటి శాస్త్రం ఈ చర్చను తేల్చేసిందా. చాలాకాలం నీతిశాస్త్రం పాఠం చెప్పినవాడిగా నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. సుఖానికి సొంత విలువ ఉంది, దానికి ఇంకొకరి దగ్గర అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. శ్రేయస్సు మాత్రం అంతా అదే కాదు. శాస్త్రం ఈ చర్చను తేల్చలేదు గాని, ఒక పాత గందరగోళాన్ని చక్కగా విడదీసింది.

మొదటి ప్రశ్నను నొప్పి దగ్గర మొదలుపెట్టడం మేలు. సుఖం విషయంలో తడబడే మన వివేకం నొప్పి విషయంలో స్పష్టంగానే ఉంటుంది. క్యాన్సర్ ముదిరి ఎముకల్లోకి పాకిన నొప్పితో ఒక మనిషి మంచం మీద మెలికలు తిరిగిపోతుంటే, ఆ నొప్పి వల్ల రేపు ఏమేం నష్టాలు కలుగుతాయో లెక్క వేసుకుని అప్పుడు అది చెడ్డదని మనం నిర్ణయించం. ఆ క్షణంలో అతనికి అది ఎలా ఉందో, ఆ ఉండటమే చెడు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన కఠిన నిబంధనల వల్ల చాలా ఆసుపత్రులకు మార్ఫిన్ దొరకడమే గగనమైపోయింది. 2014లో ఆ చట్టాన్ని సవరించి వైద్య అవసరాలకు నిబంధనలు సడలించేదాకా, చవకైన మందుతో తగ్గించగలిగిన బాధను ఎంతోమంది చివరి శ్వాస దాకా భరించారు. దీని వెనక చట్టంతో పాటు, నొప్పి ఓర్చుకోవడమే ఒక సద్గుణమనే మన నమ్మకం కూడా పనిచేసిందని నా అనుమానం. నొప్పి తగ్గిన రోగి ఎక్కువకాలం బతకకపోవచ్చు, మళ్ళీ పనిలోకి వెళ్ళకపోవచ్చు. అయినా మాత్ర పనిచేసిన ఆ సాయంత్రం అతను దిండుకు ఆనుకుని కూర్చుని, మనవరాలు చెప్పే బడి కబుర్లు వింటూ రెండు ముద్దల పెరుగన్నం తినగలిగితే, అతని జీవితంలో ఆ సాయంత్రం మెరుగైనట్టే. అనుభవం ఎలా ఉందన్నదానికి సొంత విలువ ఉందని ఒప్పుకోవడానికి నాకు ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

నొప్పి చెడ్డదైనంత మాత్రాన సుఖం మంచిదని ఎలా తేలుతుందని మీరు అడగవచ్చు. అడగాలి కూడా, ఎందుకంటే తర్కంలో అది వేరే మెట్టు. ఇక్కడ మన నైయాయికుల, అంటే న్యాయదర్శన పండితుల, నిర్వచనం నాకు చాలా ఉపయోగపడింది. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, ఈయన ఆంధ్రుడని పండితులు చెబుతారు, సుఖదుఃఖాలను జంటగా నిర్వచించాడు: అందరికీ అనుకూలంగా అనుభవానికి వచ్చేది సుఖం, ప్రతికూలంగా అనుభవానికి వచ్చేది దుఃఖం. ఈ చిన్న నిర్వచనంలో ఉన్న బలం గమనించండి. పాయసం తీపికీ, పరీక్ష గట్టెక్కిన ఊరటకూ, పాత మిత్రుడు కనిపించిన సంబరానికీ మధ్య ఒకే రకమైన అనుభూతి ఏదీ దొరకదు. వీటన్నిటినీ సుఖమనే ఒక్క పేరుతో ఎందుకు పిలుస్తామంటే, అనుభవించేవాడికి ఆ అనుభవం అనుకూలంగా ఉండటం వాటన్నిటిలోనూ ఉంది గనుక. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో తాత్త్వికుడు హెన్రీ సిడ్జ్‌విక్ చాలా కష్టపడి చేరిన చోటు కూడా ఇంచుమించు ఇదే. నిర్వచనంలోనే అనుకూలత ఉన్నప్పుడు, సుఖం అనుభవించేవాడికి ఎంతో కొంత మేలు అనడానికి వేరే సాక్ష్యం వెతకనక్కర్లేదు. దానివల్ల తర్వాత కీడు జరగవచ్చు, అది వేరే పద్దు.

ఇక గ్రీకు తాత్త్వికుడు ఎపిక్యూరస్ సంగతి. సుఖమే మంచి అన్నవాళ్ళలో ఇతని పేరే ముందు వినిపిస్తుంది, ఇతనికి జరిగినంత అన్యాయం కూడా మరొకరికి జరగలేదు. క్రీ.పూ. 341లో సామోస్ దీవిలో పుట్టిన ఇతను క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్సులో ఒక తోట సంపాదించి అందులో మిత్రులతో కలిసి జీవిస్తూ బోధించాడు. ఆ తోటలోకి స్త్రీలకూ బానిసలకూ ప్రవేశం ఉండేది. ఆ కాలంలో అదే పెద్ద అపచారం, లోకం అతని మీద వేసిన నిందల్లో సగం అక్కడే పుట్టి ఉంటాయి. అతని పేరు తర్వాత భోజనప్రియులకు బిరుదుగా మారింది గాని, అతని రోజువారీ ఆహారం రొట్టె, నీళ్ళు. ఒక మిత్రుడికి రాస్తూ, చిన్న కుండెడు జున్ను పంపించు, విందు చేసుకోవాలనిపించినప్పుడు తింటాను అన్నాడట. కోరికలను అతను మూడుగా విభజించాడు: ఆకలి, దాహం లాగా సహజమూ అవసరమూ అయినవి, రుచికరమైన వంటకాల లాగా సహజమే గాని అవసరం కానివి, కీర్తి, అధికారం, అంతులేని ధనం లాగా సహజమూ అవసరమూ కూడా కానివి. మూడో రకానికి హద్దు లేదు గనుక వాటితో తృప్తి కలగదని అతని వాదం. శరీరంలో నొప్పి, మనసులో కలత లేకపోవడమే సుఖానికి పై అంచు అని, అక్కడికి చేరాక సుఖం రకాలు మార్చుకోగలదే తప్ప పెరగలేదని కూడా అన్నాడు.

ఈ చివరి మాట దగ్గర నేను అతనితో విభేదిస్తాను. నొప్పి లేకపోవడమే సుఖశిఖరమైతే గాఢనిద్రలో ఉన్నవాడు ఆ శిఖరం మీద ఉన్నట్టే కదా అని అతని ప్రత్యర్థులు, క్షణక్షణపు సుఖమే గురి అనే సిరీనే బడి తాత్త్వికులు, అప్పుడే ఎత్తిపొడిచారు. మన దగ్గర ఇదే వివాదం మోక్షం విషయంలో జరిగింది. న్యాయ, వైశేషిక దర్శనాలవాళ్ళ లెక్క ప్రకారం ముక్తి అంటే దుఃఖం పూర్తిగా తొలగిపోవడం, అందులో సుఖం కూడా ఉండదు. అలాంటి వైశేషిక ముక్తి నాకొద్దు, దానికంటే బృందావనంలో నక్కగా పుట్టడం మేలని భక్తులు వాళ్ళకు జవాబు చెప్పారు. ఆ నక్క పక్షాన నిలబడటానికి నాకు సంకోచం లేదు. మోహన రాగ వర్ణం రెండో కాలంలో మొదటిసారి తడబడకుండా పాడినప్పుడు మీకు కలిగిన సంతోషం, ఆ ముందు రోజు ఏ బాధా లేకుండా ఊరికే కూర్చున్న సాయంత్రంతో సమానమని ఎవరైనా అంటే మీ అనుభవమే దాన్ని కాదంటుంది. అయితే ఎపిక్యూరస్‌ను పూర్తిగా వదులుకోకండి. సుఖాన్ని గుట్టగా పోసుకోవడమే లెక్క అనుకున్న సిరీనే సంప్రదాయం చివరికి ఎక్కడికి చేరిందో చూడండి. ఆ బడికే చెందిన హెగెసియాస్ అనేవాడు, జీవితంలో సుఖాల కంటే బాధలే ఎక్కువ గనుక బతకడం గిట్టుబాటు కాదని బోధించడం మొదలుపెట్టాడు. అతని ఉపన్యాసాలు విన్నవాళ్ళు ప్రాణాలు తీసుకుంటున్నారని అలెగ్జాండ్రియాలో రాజు టోలెమీ వాటిని నిషేధించాడని రోమన్ రచయిత సిసిరో రాశాడు. సుఖాన్ని క్షణాల మొత్తంగా మాత్రమే చూసేవాడికి, ఆ మొత్తం తగ్గిన రోజున బతకడానికి కారణం మిగలదు. ఎపిక్యూరస్ ఆ గోతిలో పడలేదు. మరణశయ్య మీద మూత్రాశయపు నొప్పి భరించరానంతగా ఉన్నా, మిత్రులతో చేసిన చర్చల జ్ఞాపకం దానికి ఎదురు నిలుస్తోందని ఉత్తరం రాశాడు.

సుఖమే పరమార్థమన్న మన చార్వాకుల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన పెద్దలు సుఖవాదం అనగానే అప్పుచేసి పప్పుకూడు సామెతతో వాళ్ళను కొట్టిపారేస్తారు. వాళ్ళ సొంత గ్రంథాలు దాదాపుగా దక్కలేదు, వాళ్ళను ఖండించినవాళ్ళు చెప్పిందే మనకు మిగిలింది. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో వాళ్ళ వాదాన్ని ఉదహరించిన తీరు చూస్తే అది బుద్ధిలేని వాదమేమీ కాదని తెలుస్తుంది. పొలుసులూ ముళ్ళూ ఉన్నాయని చేపను ఎవరూ పారేయరు, ఊక ఉందని ధాన్యం వద్దనరు, జింకలు మేస్తాయని విత్తనాలు చల్లడం మానరు, బిచ్చగాళ్ళు వస్తారని పొయ్యి మీద కుండ పెట్టడం మానరు. అలాగే దుఃఖం కలిసి ఉందని సుఖాన్ని వదులుకోవడం అవివేకం అన్నారు. దుఃఖం కలవని సుఖం లేదు గనుక సుఖమే వద్దనే వైరాగ్యవాదానికి ఇంతకంటే సూటి జవాబు నేను చదవలేదు.

మన సంప్రదాయం మొత్తం సుఖానికి వ్యతిరేకమని మీ పెద్దలు అంటే అది కూడా నిజం కాదు. కామం నాలుగు పురుషార్థాలలో ఒకటి. తైత్తిరీయోపనిషత్తులో ఆనందాన్ని కొలిచే ఘట్టం ఉంది: యువకుడు, సాధువు, చదువుకున్నవాడు, బలవంతుడు అయిన ఒకనికి సకల సంపదలతో నిండిన భూమి అంతా దక్కితే కలిగే ఆనందం ఒక మానుషానందం, దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుల ఆనందం, అలా నూరేసి రెట్లుగా బ్రహ్మానందం దాకా. ఆ మెట్లలో, మొదటిదాని తర్వాత ప్రతి మెట్టు దగ్గరా, కోరికల దెబ్బ తగలని, వేదం చదివిన శ్రోత్రియుడికి కూడా అంతే ఆనందం అనే మాట వస్తుంది. సుఖాన్ని తృణీకరించేవాళ్ళు ఇంత ఓపికగా కొలతలు వేయరు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం సుఖాన్ని మూడు రకాలుగా విడదీసింది: మొదట విషంలా ఉండి చివర అమృతమయ్యేది, మొదట అమృతంలా ఉండి చివర విషమయ్యేది, నిద్రా బద్ధకాల నుంచి పుట్టి మొదటి నుంచి చివరి దాకా మనిషిని మైకంలో ఉంచేది. కఠోపనిషత్తులో యముడు శ్రేయస్సునూ (మేలైనది) ప్రేయస్సునూ (ప్రియమైనది) వేరుచేసి చెప్పింది కూడా రెండూ ఎదురుపడి ఒకటే ఎంచుకోవలసిన సందర్భం గురించి. ప్రియమైనదల్లా హానికరమని ఆయన అనలేదు.

రెండో ప్రశ్న కష్టమైనది. శ్రేయస్సు అంతా సుఖమేనా? అవునన్నవాళ్ళలో అందరికంటే నిజాయితీపరుడు ఇంగ్లీషు తాత్త్వికుడు జెరెమీ బెంథామ్. 1789లో అచ్చయిన తన గ్రంథంలో సుఖాన్ని తీవ్రత, వ్యవధి, నిశ్చయం, సామీప్యం, మరిన్ని సుఖాలకు దారితీసే గుణం, బాధ కలవకపోవడం, ఎంతమందికి అందుతుందన్న విస్తృతి అనే ఏడు కొలతలతో తూచాలన్నాడు. కొలత సమానమైతే పిల్లల ఆటకూ కవిత్వానికీ తేడా లేదన్నది అతని నిశ్చితాభిప్రాయం. ఈ వాదంలో ఉన్న సమానత్వాన్ని తక్కువగా చూడకండి. జమీందారు సుఖానికీ జీతగాడి సుఖానికీ ఒకే తూకపురాయి వాడాలని ఆనాడు చెప్పడం సామాన్యమైన విషయం కాదు.

ఆ వాదం ఒడిలో పెరిగినవాడు జాన్ స్టూఅర్ట్ మిల్. తండ్రి అతన్ని పసితనం నుంచి బెంథామ్ సిద్ధాంతం కోసమే తయారుచేశాడు. పదిహేడేళ్ళకు లండన్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1858లో కంపెనీ పాలన ముగిసేదాకా అక్కడే పనిచేశాడు. 1826లో, ఇరవయ్యేళ్ళ వయసులో, అతను తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు: లోకంలో నేను కోరుకుంటున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే నాకు గొప్ప ఆనందం కలుగుతుందా? లేదు అని లోపలి నుంచి జవాబు వచ్చింది. దాంతో అతని జీవితానికి ఉన్న ఆధారమంతా కూలిపోయినట్టయింది, నెలల తరబడి కోలుకోలేదు. ఒక ఫ్రెంచి రచయిత ఆత్మకథలో తండ్రి మరణఘట్టం చదువుతూ కన్నీళ్ళు పెట్టుకున్న రోజున మొదటిసారి తెరిపిన పడ్డాడు, తర్వాత వర్డ్స్‌వర్త్ కవిత్వం అతన్ని నిలబెట్టింది. ఆ అనుభవం నుంచి అతను నేర్చుకున్నది మీకు నేరుగా పనికొస్తుంది. సుఖాన్నే గురిగా పెట్టుకున్నవాడికి అది దొరకదు. మరో మనిషి మేలు మీదో, ఒక కళ మీదో, ఒక పని మీదో మనసు పెట్టినవాడికి అది దారిలో కలుస్తుంది. సుఖంగా ఉన్నానా అని పదేపదే తనను తాను అడుగుకునేవాడికి ఉన్నది కూడా జారిపోతుంది. 1861లో రాసిన వ్యాసాల్లో మిల్ సుఖాలలో పైతరగతి, కిందితరగతి ఉన్నాయని, రెండూ ఎరిగినవాళ్ళు ఏది ఎంచుకుంటారో అదే పైతరగతి అని అన్నాడు. ఇక్కడ అతను తనకు తెలియకుండానే బెంథామ్ ఇంట్లోంచి బయటికి వచ్చేశాడని నా అభిప్రాయం. రెండు సుఖాలు సమానంగా సుఖకరమై ఉండి కూడా ఒకటి మేలైనదైతే, ఆ మేలు సుఖం నుంచి కాక మరో దాని నుంచి వస్తోందన్నమాట.

ఆ మరొకటి ఏమిటో వెలికితీయడానికి అమెరికన్ తాత్త్వికుడు రాబర్ట్ నోజిక్ 1974లో ఒక యంత్రాన్ని ఊహించాడు. మెదడుకు తీగలు తగిలించి తొట్టిలో పడుకోబెడితే, మీరు గొప్ప నవల రాస్తున్నట్టు, ప్రేమించిన మనిషితో ఉన్నట్టు, మీరు కోరుకున్న అనుభవమేదైనా ఆ యంత్రం కలిగిస్తుంది. లోపల ఉన్నంతసేపు అది యంత్రమని మీకు తెలియదు. జీవితాంతం అందులోకి వెళతారా అని ప్రశ్న. తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా ఎక్కువమంది వెళ్ళమనేవారు. ఎందుకని అడిగితే, అమ్మానాన్నలను ఎవరు చూసుకుంటారని మొదట అనేవారు. వాళ్ళకూ తలా ఒక యంత్రం ఇస్తామన్నా వద్దనేవారు. అయితే ఈ జవాబులను మరీ గట్టి రుజువుగా తీసుకోకూడదు. 2010లో ఫెలిపె డి బ్రిగార్డ్ అనే తాత్త్వికుడు ప్రశ్నను తిరగేసి, మీరు ఇప్పటికే యంత్రంలో ఉన్నారు, బయటికి వస్తారా అని అడిగితే, సగానికి దగ్గరగా మంది లోపలే ఉంటామన్నారు. అంటే మన సంకోచంలో కొంత భాగం వాస్తవం మీద ప్రేమ కాదు, అలవాటైన దాన్ని వదలలేకపోవడం.

అందుకే నేను యంత్రం కంటే పాతదైన ప్లేటో ప్రశ్ననే ఎక్కువ నమ్ముతాను. ఫిలీబస్ సంభాషణలో సోక్రటీసు ప్రొటార్కస్‌ను అడుగుతాడు: నీకు జీవితమంతా సుఖమే ఇస్తాను, జ్ఞాపకం, తెలివి, ముందుచూపు మాత్రం తీసేస్తాను, సరేనా? జ్ఞాపకం లేకపోతే నిన్న సుఖపడ్డావని నీకు తెలియదు, తెలివి లేకపోతే ఇప్పుడు సుఖపడుతున్నావని తెలియదు, ముందుచూపు లేకపోతే రేపటి సుఖాన్ని ఎదురుచూడలేవు. అప్పుడు నీది మనిషి జీవితం కాదు, సముద్రపు గుల్లలోని పురుగు జీవితం. ప్రొటార్కస్‌కు మాట రాలేదు. ఇందులో నోజిక్ యంత్రంలో లాగా ఊహాలోకపు పరికరాలేమీ లేవు. మతిమరుపు వ్యాధి వచ్చిన పెద్దవాళ్ళకు సేవ చేసినవారికి ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో తెలుసు. వాళ్ళ నోటికి ఇంపైన ముద్ద పెట్టడం నిజంగా వాళ్ళకు మేలే, ఎవరూ దాన్ని కాదనలేరు. కానీ వాళ్ళు కోల్పోయినది సుఖం లెక్కలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడ నాకు దారి చూపినవాడు అరిస్టాటిల్. సుఖమనేది పని నుంచి విడదీసి సీసాలో నింపుకునే పదార్థం కాదని, పని బాగా సాగుతున్నప్పుడు దాన్ని పూర్తిచేస్తూ దాని మీదే విరిసేదని ఆయన నికొమాకస్ నీతిశాస్త్రం పదో భాగంలో వాదించాడు. ప్రతి పనికీ దానిదైన సుఖం ఉంటుంది. ఆ సుఖం ఆ పనిని పెంచుతుంది, వేరే సుఖం దాన్ని చెదరగొడుతుంది. వేణువంటే ప్రాణమిచ్చేవాడికి పక్కన ఎవరైనా వేణువు ఊదితే చర్చ మీద మనసు నిలవదని, నాటకశాలలో నటులు బాగా లేనప్పుడే జనం తినుబండారాలు ఎక్కువగా నములుతారని ఆయన ఇచ్చిన ఉదాహరణలు. మన ఊళ్ళలో తెల్లవార్లూ పౌరాణిక నాటకం చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. రాయబారంలో కృష్ణుడు వేషధారి పద్యం ఎత్తుకుని రాగం లాగుతుంటే వేయించిన వేరుశెనగకాయల పొట్లం ఒళ్ళోనే ఉన్నా చెయ్యి దాని మీదికి పోదు. అతను లోపలికి వెళ్ళి ఒక నీరసపు వేషం వచ్చాక పొట్లాలు గలగలలాడతాయి, కాయలు ఒలిచిన చప్పుడు వెనక వరుస దాకా వినిపిస్తుంది. పద్యం ఇచ్చిన సుఖాన్ని వేరుశెనగకాయలు ఇచ్చిన సుఖంతో ఒకే తక్కెడలో తూచి ఎన్ని కాయలు ఒక పద్యానికి సమానమో చెప్పమంటే, ఆ ప్రశ్నలోనే తప్పు ఉందని మీకు తెలిసిపోతుంది.

మీ సంగీతానికి దీన్ని అన్వయించి చూడండి. గమకం పట్టుబడిన క్షణంలో కలిగే సుఖం, గమకం పట్టుబడటం అనే పనికి చెందినది. అది మిమ్మల్ని మళ్ళీ రేపు తంబురా దగ్గర కూర్చోబెడుతుంది, చెవిని పదును చేస్తుంది, తర్వాత వినే ప్రతి కచేరీనీ లోతుగా వినిపించేలా చేస్తుంది. దీనికి అపరాధభావం ఎందుకో నాకు అర్థం కాదు. సుఖం అబద్ధాల మీదో, ఇంకొకరి బాధ మీదో నిలబడినప్పుడు మాత్రం ఆలోచించాలి. తోటి మనిషిని అవమానించి పొందే సుఖం కూడా సుఖమే, దాని వరకు అది మంచిదేనని బెంథామ్ ధైర్యంగా ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకోను. చెడ్డ పనికి చెందిన సుఖం కూడా చెడ్డదేననే అరిస్టాటిల్ మాటే నాకు సరిగా తోస్తుంది; కొత్త విద్యార్థిని ర్యాగింగ్ చేసి నవ్వుకున్నవాడు, నవ్వకుండా చేసినవాడి కంటే మెరుగైన జీవితం గడిపాడని నేను అనలేను.

మూడో ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. 1954లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో ఒకచోట విద్యుత్ తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడ చిన్న విద్యుత్ స్పర్శ కలిగేలా చేస్తే, ఎలుకలు అదేపనిగా మీట నొక్కుతూ ఉండిపోయాయి. సుఖకేంద్రం దొరికిందని లోకం అనుకుంది. తర్వాతి దశాబ్దాల్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చేసిన ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. మెదడులో డోపమీన్ అనే రసాయనం దాదాపుగా లేకుండా చేసిన ఎలుకలు ఆహారం కోసం కదలవు, కానీ నాలుక మీద చక్కెర నీళ్ళు పోస్తే మునుపటిలాగే ఇష్టంగా పెదవులు నాకుతాయి. అంటే కావాలనిపించడానికీ, బాగుందనిపించడానికీ మెదడులో దారులు వేరు. ఆకలి రుచి ఎరుగదు అని మనవాళ్ళు అననే అన్నారు. అర్ధరాత్రి దాటాక ఫోన్‌లో వీడియో తర్వాత వీడియో తోసుకుంటూ పోయే మనిషిని ఇది బాగుందా అని అడిగితే లేదంటాడు, అయినా వేలు ఆగదు. పెద్దలు సుఖలాలస అని తిట్టేవాటిలో చాలా భాగం నిజానికి ఇలాంటి సుఖం లేని కాంక్షే. అందుకే ఆ తిట్టు సుఖానికి తగలదు.

జ్ఞాపకాన్ని నమ్మి సుఖాన్ని లెక్కించడంలోనూ చిక్కు ఉంది. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం కొందరి చేతిని 14 డిగ్రీల చన్నీళ్ళలో 60 సెకన్లు ఉంచింది. మరోసారి అదే 60 సెకన్ల తర్వాత ఇంకో 30 సెకన్లు, నీళ్ళను నెమ్మదిగా 15 డిగ్రీలకు పెంచుతూ ఉంచింది. ఏది మళ్ళీ చేస్తారంటే ఎక్కువమంది పొడవైనదాన్నే ఎంచుకున్నారు, మొత్తం బాధ అందులోనే ఎక్కువైనా సరే. ముగింపు కాస్త నయంగా ఉండటమే వాళ్ళకు గుర్తుంది. ఈ ప్రయోగాలు సుఖం ఎలా పుడుతుంది, ఎలా గుర్తుంటుంది అన్నది చెబుతాయి. అనుభవించిన సుఖం ముఖ్యమా, గుర్తున్న సుఖం ముఖ్యమా అన్నది ఏ ప్రయోగశాలా చెప్పదు. అది మళ్ళీ మనం ఆలోచించి తేల్చుకోవలసిందే.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి, సుఖమే శ్రేయస్సు అనే వాదాన్ని నేను వదిలేయడానికి అసలు కారణం అదే గనుక. మా పెద్దమ్మ ఉమ్మడి కుటుంబంలో ఇరవై మందికి వండేది. అందరి భోజనాలూ అయ్యాక పెద్ద గిన్నె అడుగున అంటుకున్న మాడును గరిటెతో గీరి, అందులో మజ్జిగ పోసుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని తినేది. మాడంటే పెద్దమ్మకు ఇష్టమని ఇంట్లో పిల్లలందరికీ తెలుసు, ఆమే చెప్పేది. అది నటన అని నేను అనుకోను. అన్నేళ్ళలో ఆ రుచి నిజంగానే ఆమెకు ఇష్టమై ఉంటుంది. సుఖమొక్కటే కొలబద్ద అయితే ఆమె జీవితంలో ఏ లోటూ కనిపించదు. లేమిలో ఉన్నవాళ్ళు బతకడం కోసం తమ కోరికలను ఉన్నదానికి తగినట్టు కుదించుకుంటారని, చిన్న చిన్న దయలలో ఆనందం వెతుక్కోవడం నేర్చుకుంటారని, అందువల్ల సుఖంతోనో తృప్తితోనో కొలిస్తే వాళ్ళకు జరిగిన అన్యాయం లెక్కలోంచి మాయమవుతుందని అమర్త్య సేన్ 1980లలో చేసిన విమర్శకు మా పెద్దమ్మ కంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు. ఏం చేయగలిగే స్వేచ్ఛ ఉంది, ఏం కాగలిగే అవకాశం ఉంది అని కూడా అడగాలని ఆయన అన్నాడు.

అలాగని ఆమె మజ్జిగలో కలిపిన మాడు సుఖం కాదని నేను అనను. దాన్ని కూడా లాగేసుకుంటే ఆమెకు మరింత అన్యాయం చేసినట్టు. సుఖానికి విలువ ఉందనడం, అదొక్కటే విలువ కాదనడం, ఈ రెండూ ఆ గడప దగ్గరే ఒకేసారి నిజమవుతాయి. మీ ఇంట్లో సుఖం గురించి పెద్దలతో మాట వచ్చినప్పుడు మీ సంగీతాన్ని సమర్థించుకోవడంతో ఆగిపోకండి. ముఖ్యంగా మీ అమ్మగారిని అడగండి: చిన్నప్పుడు ఏం నేర్చుకుంటూ ఉండగా ఆపేశారు, ఎవరు ఆపించారు, ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలంటే ఏది అడ్డం వస్తుంది అని. సుఖంగా ఉన్నావా అని మాత్రమే అడిగితే ఉన్నానని అంటారు. ఆ జవాబు నిజమే అయినా, మీరు తెలుసుకోవలసినది అందులో ఉండదు.